డీజే కావాలి, సొంత ట్రాకులూ చేయాలి: ఎక్కడ మొదలుపెట్టాలి?

"ఏ కంట్రోలర్ కొనమంటారు?" నాకు వచ్చే ఉత్తరాల్లో సగానికి ఇదే మొదటి వాక్యం. మిగతా సగంలో "ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని ఉంటుంది. "నా మిక్స్ ఎక్కడ తప్పిందో నాకే తెలిసేది ఎలా?" అని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఈ వృత్తిలో నిలదొక్కుకున్నవారికీ, కొన్న సామాను మీద దుమ్ము దులుపుకుంటూ ఉండిపోయినవారికీ తేడా ఆ మూడో ప్రశ్న దగ్గరే వస్తుంది. అందుకే ఇక్కడ పరికరాల ముచ్చట తక్కువ, సరిచూసుకునే పద్ధతులు ఎక్కువ.

ముందే ఒక మాట. ఇతరుల ట్రాకులను ఆపకుండా కలిపి జనాన్ని ఆడించడం డీజే పని. ట్రాకును మొదటి నుంచి తయారుచేయడం ప్రొడ్యూసర్ పని. ఇవి రెండు వేర్వేరు విద్యలు, కానీ పుట్టింది ఒక చోటే. షికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్బులో 1977 నుంచి 1982 వరకు వాయించిన ఫ్రాంకీ నకుల్స్, పాటల్లో జనం ఊగిపోయే భాగాన్ని టేపు కోసి అతికించి పొడిగించేవాడు. ఆ క్లబ్బు పేరు మీదుగానే ఆ సంగీతానికి హౌస్ అనే పేరు వచ్చిందంటారు. ఆడేవాళ్ల కాళ్లకు ఏం కావాలో చూసి టేపు కోశాడు కాబట్టి డీజే ప్రొడ్యూసర్ అయ్యాడు. మీరూ అదే వరుసలో వెళ్లండి: ముందు వాయించడం, మూడు నాలుగు నెలల తర్వాత తయారీ.

కావలసినవి

- కంప్యూటర్. ర్యామ్ 16 జీబీ ఉంటే తయారీ దశలో ఇబ్బంది పడరు.
- రెండు చానెళ్ల కంట్రోలర్, అంటే చక్రాలు, నాబ్‌లు, ఫేడర్లు (శబ్దాన్ని పెంచి తగ్గించే జారుడు మీటలు) ఉన్న పెట్టె. ఒకరు వాడినది చాలు. ఫేడర్లు కదిపినప్పుడు గరగరమంటోందా, చక్రాలు రెండూ ఒకేలా తిరుగుతున్నాయా చూసుకోండి. హెడ్‌ఫోనులో ఒక ట్రాకు, స్పీకర్లో మరొకటి వినిపించే సౌండ్ కార్డు అందులోనే ఉండాలి. ఇది లేని చవక కంట్రోలర్లు ఉన్నాయి, అవి బొమ్మలతో సమానం.
- చెవిని పూర్తిగా కప్పే వైరు హెడ్‌ఫోను. బ్లూటూత్‌ది వద్దు. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి దానితో బీట్ కలపలేరు.
- ఒక డీజే సాఫ్ట్‌వేర్: రెకార్డ్‌బాక్స్, సెరాటో, ట్రాక్టర్ వంటివి. మీ కంట్రోలర్‌తో ఏది వస్తే అదే వాడండి.
- తయారీకి ఒక సాఫ్ట్‌వేర్: ఏబుల్టన్ లైవ్, ఎఫ్ఎల్ స్టూడియో, లాజిక్ ప్రో. లాజిక్ యాపిల్ పరికరాల్లో మాత్రమే పనిచేస్తుంది. మూడింటితోనూ పెద్ద పేరు తెచ్చుకున్నవారు ఉన్నారు. ఏదో ఒకటి ఎంచుకుని రెండేళ్లపాటు మార్చకండి.
- రెండు పెన్‌డ్రైవ్‌లు, సంగీతకారుల ఇయర్‌ప్లగ్‌లు, ఒక నోటు పుస్తకం.

స్టూడియో స్పీకర్లు మొదటి ఆరు నెలలు అక్కరలేదు. గోడలు ఉత్తగా ఉన్న గదిలో ఖరీదైన స్పీకర్లు కూడా బేస్ (అడుగున మోగే బరువైన శబ్దం) విషయంలో అబద్ధమే చెబుతాయి.

1. ఒక శైలి, నలభై ట్రాకులు

హౌస్ సాధారణంగా నిమిషానికి 120 నుంచి 130 బీట్ల మధ్య ఉంటుంది. ట్రాన్స్ దాదాపు 130 నుంచి 140, డబ్‌స్టెప్ 140 దగ్గర, డ్రమ్ అండ్ బేస్ 170కి పైన. ఇష్టమైన ఒక శైలిలో నలభై ట్రాకులు కొనండి, నాలుగు వందలు వద్దు. ప్రతి ట్రాకులో గొంతు ఎప్పుడు మొదలవుతుందో, డ్రాప్ (ఆగిన ఊపు ఒక్కసారిగా విరుచుకుపడే చోటు) ఎక్కడ పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

హెచ్చరిక: వీడియోల నుంచి దించుకున్న ఆడియో వాడకండి. ఇంట్లో బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, పెద్ద స్పీకర్ల మీద ఇసుక రాలినట్టు వినిపిస్తుంది. వేవ్ లేదా ఫ్లాక్ ఫైలు కొనండి, కుదరకపోతే 320 కేబీపీఎస్ ఎంపీ3.

సరిచూసుకోవడం: అనుమానం ఉన్న ఫైలును స్పెక్ట్రమ్ (శబ్దంలోని హెచ్చు తగ్గు స్థాయిల బొమ్మ) చూపించే ఏదైనా సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే, పేరుకు 320 అని ఉన్నా అది తక్కువ నాణ్యత ఫైలును ఉబ్బించినదే అయి ఉండవచ్చు.

2. లెక్క

తాళం వేయడం వచ్చినవారికి ఈ మెట్టు సులువు. నాలుగు బీట్లు ఒక బార్. ఎనిమిది బార్లు, అంటే 32 బీట్లు, ఒక చిన్న వాక్యం లాంటివి. ఈ సంగీతంలో కొత్త వాద్యం చేరడం, గొంతు ఆగడం, డ్రాప్ పడడం చాలావరకు 8, 16, 32 బార్ల మలుపుల్లోనే జరుగుతాయి. 128 బీపీఎం (నిమిషానికి 128 బీట్లు) ట్రాకులో 32 బార్లు అంటే సరిగ్గా 128 బీట్లు, కచ్చితంగా ఒక నిమిషం. గడియారం పక్కన పెట్టుకుని విని చూడండి, ఒకసారి పట్టుబడితే ఇక మరచిపోరు.

కొత్తవాళ్ల మిక్స్ చెడిపోవడానికి మొదటి కారణం ఇదే. బీట్లు కలిసే ఉంటాయి, వాక్యాలు కలవవు. పాత ట్రాకు మాట మధ్యలో ఉండగా కొత్తది అందుకుంటుంది. ఏమి తప్పిందో చెప్పలేకపోయినా, వినేవారికి అడుగు తడబడుతుంది.

సరిచూసుకోవడం: తెర చూడకుండా ఒక ట్రాకు వినండి. తర్వాతి మార్పు వస్తుందనుకున్న క్షణంలో బల్ల మీద చేత్తో కొట్టండి. పదిలో తొమ్మిదిసార్లు కుదిరితే మూడో మెట్టుకు రండి.

3. చెవితో బీట్ కలపడం

సింక్ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేరే కలుపుతుంది కదా అంటారు. కలుపుతుంది. నేనూ వాడతాను, అందులో చిన్నతనమేమీ లేదు. కానీ సాఫ్ట్‌వేర్ బీట్‌ను తప్పు చోట గుర్తించిన రోజున, చెవి తయారుగా లేనివాళ్లు వేదిక మీద బిక్కమొహం వేస్తారు. అందుకని మొదటి రెండు నెలలు సింక్ తీసేసి, తెర మీద తరంగాలను ఒక కాగితంతో కప్పి సాధన చేయండి.

మొదటి ట్రాకు స్పీకర్లో నడుస్తూ ఉండాలి. రెండోదాన్ని హెడ్‌ఫోనులో ఒక చెవికి పెట్టుకోండి. దాని మొదటి కిక్ (డ్రమ్ బరువైన దెబ్బ) దగ్గర ఆపి, స్పీకర్లో బార్ మొదలయ్యే బీట్ మీద వదలండి. కొన్ని సెకన్లలో రెండు కిక్‌లు విడిపోవడం మొదలవుతుంది. కొత్తది వెనకబడితే టెంపో స్లయిడర్‌ను కాస్త వేగం వైపు జరిపి, చక్రాన్ని ముందుకు నెట్టి అందుకోండి. ఎంత జరపాలో అంచనాకు ఒక లెక్క: 124 నుంచి 126కు వెళ్లాలంటే 1.6 శాతం.

ఏది వెనకబడిందో తెలియడం లేదన్నది అందరూ పడే బాధ. కిక్‌లు రెండూ ఒకటైతే ఒకే గట్టి దెబ్బ వినిపిస్తుంది. విడిపోతే గుర్రం డెక్కల చప్పుడు. తెలియకపోతే ఊరికే ఒక వైపు నెట్టి చూడండి. డెక్కల చప్పుడు పెరిగితే రెండో వైపు నెట్టాలి. అంతే, సిగ్గుపడాల్సిన పని లేదు.

సరిచూసుకోవడం: కలిపాక రెండు చేతులూ ఒళ్లో పెట్టుకోండి. 32 బార్లపాటు ముట్టుకోకుండా కలిసే ఉంటే టెంపో దొరికినట్టు.

4. కలపడంలో అసలు పని: బేస్ మార్పిడి

రెండు ట్రాకుల బేస్ ఒకేసారి వినిపిస్తే శబ్దం బురదవుతుంది. ఇది తప్పించడమే మిక్సింగ్‌లో ముప్పాతిక వంతు. నెమ్మదిగా చేసి చూద్దాం.

కొత్త ట్రాకు ప్లే చేయకముందే దాని 'లో' అని రాసి ఉన్న, బేస్‌ను తగ్గించే నాబ్‌ను పూర్తిగా ఎడమకు తిప్పేయండి. పాత ట్రాకు చివరి 32 బార్లలోకి అడుగుపెట్టే బీట్ మీద కొత్తదాన్ని మొదలుపెట్టి, ఫేడరును ఎనిమిది బార్లలో మెల్లగా పైకి తీసుకురండి. ఇప్పుడు గదిలో కొత్త ట్రాకు హై-హ్యాట్లు (సన్నగా మోగే తాళాలు) మాత్రం మెరుస్తుంటాయి, పునాది ఇంకా పాతదే. పదహారో బార్ అయిపోతుండగా రెండు చేతులూ రెండు 'లో' నాబ్‌ల మీద ఉంచండి. పదిహేడో బార్ మొదటి కిక్ పడే క్షణంలో పాతది కిందకు, కొత్తది పైకి, ఒకే కదలికలో. బాగా కుదిరితే మిక్స్ జరిగిందని ఎవరూ గమనించరు, నేల మాత్రం మారినట్టు అనిపిస్తుంది. మిగిలిన పదహారు బార్లలో పాతదాన్ని దించేయండి.

మీటర్ ఎర్రగా వెలుగుతోందంటే శబ్దం చితికిపోతోందని అర్థం. సరిపోవడం లేదనిపిస్తే గెయిన్ (ట్రాకు శబ్దపు స్థాయి) పెంచకండి, సౌండ్ చూసుకునే వ్యక్తిని అడగండి. ఎర్రలైటులో వాయించే డీజేని సౌండ్ ఇంజనీర్లు ఎంతకాలమైనా గుర్తుపెట్టుకుంటారు, మంచిగా కాదు.

శ్రుతి సంగతి క్లుప్తంగా. సాఫ్ట్‌వేర్ ప్రతి ట్రాకుకూ 8ఏ, 9బీ వంటి గుర్తు ఇస్తుంది. దీన్ని కేమ్‌లాట్ చక్రం అంటారు, గడియారంలో లాగా పన్నెండు అంకెలు. 8ఏ తర్వాత 7ఏ, 9ఏ, 8బీ సాధారణంగా బాగా కలుస్తాయి. అయితే సాఫ్ట్‌వేర్ శ్రుతిని తప్పుగా చదవడం మామూలే, అంకె కన్నా చెవిని నమ్మండి. కీ లాక్ (వేగం మారినా శ్రుతిని మారనివ్వని బటన్) లేకుండా వేగం దాదాపు 6 శాతం మారిస్తే శ్రుతి ఒక అర్ధస్వరం జరుగుతుందన్నది కూడా గుర్తుంచుకోండి.

5. రికార్డు చేయండి, మర్నాడు వినండి

వారానికి ఒకసారి అరగంట సెట్ ఆపకుండా రికార్డు చేయండి. అదే రాత్రి వినవద్దు. వాయిస్తున్నప్పటి ఉత్సాహం చెవుల్లోనే ఉంటుంది, అన్నీ బాగున్నట్టే తోస్తుంది. మర్నాడు వేరే పని చేసుకుంటూ వినండి. ఎక్కడ పని ఆగి తల ఎత్తారో ఆ నిమిషం, సెకను నోటు పుస్తకంలో రాయండి. పక్కన కారణం ఒక్క మాటలో: లెక్క, బేస్, శ్రుతి, శబ్దం, ఎంపిక.

రెండు నెలల తర్వాత ఆ పుస్తకం తిరగేస్తే మీ జబ్బు ఏదో తేలిపోతుంది. నాది లెక్క అనుకున్నాను. పుస్తకం చూస్తే ఎనిమిది వారాల్లో లెక్క తప్పింది రెండుసార్లు. మిగతావన్నీ తొందరే: ప్రతి ట్రాకునూ అది ఊపందుకునే లోపే మార్చేస్తున్నాను.

6. మొదటి ట్రాకు: పూర్తి చేయడమే లక్ష్యం

ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. ఎనిమిది బార్ల లూప్ (తిరిగి తిరిగి మోగే ముక్క) ఒకటి అద్భుతంగా కుదురుతుంది. దానికి ఇంకో శబ్దం, మరొకటి చేరుస్తూ నెల గడుస్తుంది. హార్డ్‌డిస్కులో అరవై లూపులు, ట్రాకులు సున్నా. దీనికి నేను చూసిన మందు ఒక్కటే:

క. మీ నలభైలోంచి ఒక ట్రాకును తయారీ సాఫ్ట్‌వేర్‌లో పరచండి. ఇంట్రో ఎన్ని బార్లు, బ్రేక్‌డౌన్ (కిక్ ఆగి ఊపు తగ్గే భాగం) ఎక్కడ, డ్రాప్ ఎక్కడ, రంగు గుర్తులు పెట్టండి. ఇది మీ కొలబద్ద. అందులోని స్వరాలు, శబ్దాలు ముట్టుకోకండి, నిడివి ఒక్కటే అరువు.

ఖ. కిక్ తయారుచేయడానికి కూర్చోకండి, మంచి శాంపిల్ (ముందే రికార్డు చేసి ఉన్న శబ్దం) తీసుకోండి. రోలాండ్ 1983లో తెచ్చిన టీఆర్-909 డ్రమ్ మెషిన్ కిక్ ఇప్పటికీ హౌస్‌లో, టెక్నోలో మోగుతూనే ఉంది. నలభై ఏళ్లు పనికొచ్చింది మీకూ పనికొస్తుంది.

గ. బేస్ రాయండి. కిక్ పడిన ప్రతిసారీ బేస్ ఒక్క క్షణం తగ్గేలా సైడ్‌చెయిన్ కంప్రెషన్ పెట్టండి. నాలుగో మెట్టులో చేసిన బేస్ మార్పిడి వెనక ఉన్న సూత్రమే ఇది: అడుగున ఒకసారి ఒకరికే చోటు.

ఘ. లూప్ దొరికిన రోజే దాన్ని కొలబద్ద గుర్తుల వెంట ఐదారు నిమిషాలకు పరిచేయండి. తర్వాత తీసివేస్తూ వెళ్లండి. ఇంట్రోలో డ్రమ్స్ తప్ప అన్నీ తీసేయండి, బ్రేక్‌డౌన్‌లో కిక్ తీసేయండి. కొత్తవి చేర్చడం కన్నా ఉన్నవి తీయడంతోనే ట్రాకు నడక తయారవుతుంది.

ఙ. రెండు వారాలు గడువు. బాగున్నా లేకున్నా ఆ రోజు ఎక్స్‌పోర్ట్ చేసి పేరు పెట్టి పక్కన పెట్టండి. మొదటి పది ట్రాకులు ఎవరికీ పంపాల్సిన పని లేదు.

మిక్స్ చేసేటప్పుడు మాస్టర్ చానెల్ (అన్ని శబ్దాలూ కలిసి బయటకు వెళ్లే చోటు) శిఖరాలు సున్నాకు తగలకుండా సుమారు 6 డెసిబెల్స్ కింద ఉంచండి. పెద్దగా వినిపించడానికి మొదటే లిమిటర్ (శిఖరాలను అణచి మొత్తాన్ని బిగ్గర చేసే సాధనం) పెట్టడం అందరూ చేసే తప్పు. దాని కింద ఏ తప్పూ వినపడదు, అదే చిక్కు.

సరిచూసుకోవడం మూడు రకాలు. ఒకటి, మోనోలో, అంటే అన్ని స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేలా వినండి. చాలా క్లబ్బులు మోనోలోనే వాయిస్తాయి. స్టీరియోలో విశాలంగా వినిపించిన బేస్ మోనోలో మాయమైతే దాన్ని మధ్యకు తెచ్చుకోండి. రెండు, ఫోను స్పీకర్లో వినండి. అక్కడ బేస్ అడుగు స్వరం ఎలాగూ రాదు, కానీ బేస్ ఏ రాగం వాయిస్తోందో తెలియాలి. తెలియకపోతే దానికి కొద్దిగా డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకు చేసే ఎఫెక్ట్) చేర్చండి. మూడు, కొలబద్ద ట్రాకుతో పోల్చండి. దాని శబ్దాన్ని మీ ట్రాకు స్థాయికి తగ్గించి మరీ పోల్చాలి. ఎక్కువ శబ్దం ఎప్పుడూ మంచి శబ్దంలా వినిపిస్తుంది.

7. మీ ట్రాకును మీ సెట్‌లోనే పరీక్షించండి

పూర్తయిన ట్రాకును డీజే సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, కొన్న రెండు ట్రాకుల మధ్య పెట్టి వాయించండి. కలపడానికి ఇంట్రో చాలుతోందా? ముందు ట్రాకుతో పోలిస్తే కిక్ సన్నబడిందా? డ్రాప్ రావడానికి మీకే విసుగు వస్తోందా? జనం ముందు అవకాశం వస్తే ఏ ట్రాకో చెప్పకుండా వేయండి, మీ చేతులను కాక వాళ్ల కాళ్లను చూడండి. స్నేహితుల మెచ్చుకోలుకు ఇక్కడ విలువ లేదు.

8. విడుదల, హక్కులు

సంగీత వేదికలకు ట్రాకు చేర్చే డిస్ట్రిబ్యూటర్లు ఉంటారు. రికార్డింగుకు ఐఎస్‌ఆర్‌సీ అనే పన్నెండు అక్షరాల గుర్తింపు సాధారణంగా వారే ఇస్తారు. స్పాటిఫై మామూలుగా శబ్దాన్ని మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత బిగ్గరగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరకు సర్దుతుంది. క్లబ్ ట్రాకులు దీనికన్నా బాగా బిగ్గరగానే మాస్టర్ చేస్తారు, ఆ అంకె కోసం మీ ట్రాకును నీరుగార్చనక్కరలేదు. ట్రూ పీక్ (శబ్దం చేరే అసలు శిఖరం) మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూస్తే చాలు.

శాంపిల్స్ దగ్గర జాగ్రత్త. ఎవరి పాటలోనిదైనా ఒక ముక్క వాడితే రెండు అనుమతులు కావాలి: పాట కట్టినవారి హక్కు ఒకటి, ఆ రికార్డింగు హక్కు మరొకటి. "కొన్ని సెకన్లయితే పరవాలేదు" అన్నది వట్టి పుకారు. ఇద్దరు కలిసి ట్రాకు చేస్తే ఎవరి వాటా ఎంతో ఆ రోజే రాసి సంతకాలు చేసుకోండి, స్నేహితులైతే మరీ ముఖ్యం.

లేబుళ్లకు, అంటే సంగీతం విడుదల చేసే సంస్థలకు పంపేటప్పుడు ఒకటి రెండు ట్రాకులే, ప్రైవేట్ లింకుగా, నాలుగు వాక్యాల ఉత్తరంతో పంపండి. ఒకే ఉత్తరాన్ని యాభై లేబుళ్లకు కలిపి పంపితే తెరవకుండానే పోతుంది. ఆ లేబుల్ ఇటీవలి విడుదలలు వినకుండా పంపినా అంతే.

9. మొదటి ప్రదర్శనలు

మొదట దొరికేది ఖాళీ గదిలో తొలి గంట. అది చిన్నచూపు కాదు, వేరే విద్య. జనాన్ని లోపలికి రప్పించి, కాళ్లు కదిపించి, తర్వాతి డీజేకి వేడెక్కిన గదిని అప్పగించాలి. ఆ గంటలో పెద్ద డ్రాపులన్నీ వేసేసి మెప్పు పొందాలనుకున్నవారిని రెండోసారి పిలవరు.

నా మొదటి రాత్రి కథ చెబుతాను. ఉత్సాహంగా పెన్‌డ్రైవ్ పెట్టాను, ప్లేయర్ తెర మీద ఏమీ లేదు. డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేశాను, ఆ పాత ప్లేయర్ దాన్ని చదవదు. ముందు వాయించినాయన తన డ్రైవ్ వదిలి వెళ్లాడు కాబట్టి బతికిపోయాను, గంటసేపు ఎన్నడూ వినని ట్రాకులు కలిపాను. అప్పటి నుంచి రెండు డ్రైవ్‌లు, రెండూ ఫ్యాట్32లోనే. ఫైళ్లను ఊరికే కాపీ చేయడం కూడా చాలదు. ప్లేయర్‌కు తగిన సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేస్తేనే మీరు పెట్టుకున్న గుర్తులు, జాబితాలు తెర మీదకు వస్తాయి.

పారితోషికం, సమయం, ఎవరు ఏ పరికరం తెస్తారు అన్నవి ముందే రాతలో ఉండాలి. వీలైతే సగం ముందుగా తీసుకోండి. "ప్రచారం వస్తుంది కదా" అని ఉచితంగా అడిగితే ఒకటి రెండుసార్లు సరే, మూడోసారి కాదు.

10. చెవులు, నిద్ర, డబ్బు

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలు ఉండవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది పదిహేను నిమిషాలు. డీజే బూత్‌లో 100 పెద్ద విశేషమేమీ కాదు. బూత్ మానిటర్ తగ్గించండి, ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోండి. ఇంటికి వచ్చాక చెవిలో గుయ్‌మంటుంటే మర్నాడు మిక్సింగ్ పనికి కూర్చోకండి. ఆ మోత రోజుల తరబడి తగ్గకపోతే వైద్యుడికి చూపించండి.

రాత్రిళ్లు, ప్రయాణాలు, బూత్‌కు ఊరికే వచ్చే మద్యం కలిసి ఆరోగ్యాన్ని తినేస్తాయి. స్వీడన్‌కు చెందిన అవీచీ ప్రపంచమంతా పేరున్న రోజుల్లోనే ఆరోగ్యం కారణంగా 2016లో ప్రదర్శనల నుంచి తప్పుకున్నాడు. అప్పటికి అతనికి 26 ఏళ్లు. పెద్ద తారల గొడవ మనకెందుకు అనుకోకండి, వరుసగా రెండు రాత్రులు వాయించి మూడో రోజు ఉద్యోగానికి వెళ్లి చూస్తే తెలుస్తుంది.

ఉద్యోగం ఎప్పుడు మానాలని తరచూ అడుగుతారు. నోటు పుస్తకం చివరి పేజీల్లో నెలనెలా రాయండి: ప్రదర్శనల రాబడి, ట్రాకుల రాబడి, ఎవరికైనా నేర్పితే లేదా మిక్స్ చేసి పెడితే వచ్చింది, ఖర్చులు. పన్నెండు నెలలు నిండాక అన్నిటికన్నా పేలవమైన మూడు నెలలు చూడండి. ఆ నెలల్లో మిగిలినదానితో ఇల్లు గడుస్తుందంటే మానేయవచ్చు. గడవదంటే ఉద్యోగం ఉంచుకుని, శుక్ర, శనివారాలు వాయించండి.